పాత జియాన్ చవకే... మన పనికొస్తుందా?

డేటా సెంటర్లలో ఏళ్ల తరబడి పనిచేసి, కొత్తవి రాగానే బయటికొచ్చిన సర్వర్ ప్రాసెసర్లు సెకండ్ హ్యాండ్ మార్కెట్‌లో కుప్పలుగా ఉంటాయి. విడుదలైనప్పుడు లక్ష రూపాయలు పైబడిన ఇంటెల్ జియాన్ ఇప్పుడు కొన్ని వేలకే వస్తుందంటే ఎవరికైనా ఆశ పుడుతుంది. కొనడం తప్పేం కాదు. కాకపోతే వాటి గురించి చెలామణీలో ఉన్న మాటల్లో సగం నిజం, సగం అమ్మేవాడి ఉత్సాహం.

అపోహ: కోర్లు ఎన్ని ఎక్కువుంటే కంప్యూటర్ అంత వేగం.

వాస్తవం: డబ్బు ఎక్కువగా పోయేది ఇక్కడే. 2016 నాటి జియాన్ ఈ5-2680 వి4లో 14 కోర్లు, 28 థ్రెడ్లు, 35 ఎంబీ క్యాష్. 2022 జనవరిలో వచ్చిన కోర్ ఐ3-12100లో ఉన్నవి 4 కోర్లు, 8 థ్రెడ్లు. కాగితం మీద పోలికే లేదు. కానీ బ్రౌజర్, ఎక్సెల్, టాలీ, చాలా గేముల్లో ఐ3దే పైచేయి. ఇలాంటి పనుల భారమంతా ఒకటి రెండు కోర్ల మీదే, మహా అయితే నాలుగైదింటి మీదే పడుతుంది. ఆ జియాన్ ఎంత ఉరికినా 3.3 గిగాహెర్ట్జ్ దాటదు, ఐ3 4.3 దాకా పోతుంది. పైగా ఒక్కో క్లాక్‌కి ఐ3 పూర్తిచేసే పని కూడా ఎక్కువ. మిగతా కోర్లు గోళ్లు గిల్లుకుంటూ కూర్చుంటాయి.

అదే బ్లెండర్‌లో రెండరింగ్ పెట్టండి, నాలుగైదు వర్చువల్ మెషీన్లు ఒకేసారి నడపండి, కథ తిరగబడుతుంది. పద్నాలుగు కోర్లకూ చేతినిండా పని దొరికితే పాత జియాన్ ఆ ఐ3ని వెనక్కి నెట్టేస్తుంది. ఇంట్లో ల్యాబ్ పెట్టుకుని నెట్‌వర్కింగ్, క్లౌడ్ నేర్చుకునేవాళ్లకు ఇది నిజంగానే మంచి బేరం. అకౌంట్లు రాసుకునే షాపుకు మాత్రం కాదు.

అపోహ: సరే, గిగాహెర్ట్జ్ చూస్తే చాలన్నమాట.

వాస్తవం: అదీ కాదు. 2004లో పెంటియమ్ 4 3.8 గిగాహెర్ట్జ్‌కి చేరింది. రెండేళ్ల తర్వాత 2.4 గిగాహెర్ట్జ్ కోర్ 2 డ్యువో వచ్చి దాన్ని చిత్తు చేసింది. ఒకే తరం చిప్‌ల మధ్య అయితేనే గిగాహెర్ట్జ్ పోలికకు అర్థం.

అపోహ: సర్వర్ ప్రాసెసర్ అంటే డెస్క్‌టాప్ చిప్ కంటే పూర్తిగా వేరే జాతి.

వాస్తవం: కొన్ని అచ్చంగా కవలలు. 2013లో వచ్చిన జియాన్ ఈ3-1230 వి3, కోర్ ఐ7-4770 రెండూ హాస్‌వెల్ తరానివే. సాకెట్ అదే, కోర్లు నాలుగే, క్యాష్ 8 ఎంబీయే. టర్బో వేగం జియాన్‌ది 3.7, ఐ7ది 3.9. అసలు తేడా ఏంటంటే, ఈ జియాన్‌లో గ్రాఫిక్స్ ఉండదు. డేటాలో దొర్లే తప్పులను సరిదిద్దే ఈసీసీ మెమరీ పనిచేస్తుంది. అందుకే అప్పట్లో అసెంబుల్ చేయించుకునే తెలివైనవాళ్లు దీన్ని చవక ఐ7గా కొనుక్కున్నారు. 2015లో స్కైలేక్ తరం వచ్చేసరికి ఇంటెల్ ఆ దారి మూసేసింది. ఈ3 వి5 చిప్‌లు సాకెట్‌లో చక్కగా కూర్చున్నా, సర్వర్ చిప్‌సెట్ ఉన్న బోర్డు మీద తప్ప బూట్ కావు. సాకెట్ ఒకటే కదా అని కొనేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

అపోహ: సర్వర్ ర్యామ్ కూడా చవకే, డెస్క్‌టాప్‌లో పెట్టేసుకోవచ్చు.

వాస్తవం: స్లాట్‌లో దూరుతుంది, సిస్టమ్ లేవదు. పెద్ద సర్వర్ల ర్యామ్ ఎక్కువగా రిజిస్టర్డ్ రకం. అంటే ప్రాసెసర్‌కీ మెమరీ చిప్‌లకీ మధ్య సంకేతాలను అందుకుని ముందుకు పంపే చిప్ ఒకటి ఉంటుంది. మామూలు డెస్క్‌టాప్‌కి ఆ ఏర్పాటు అర్థం కాదు. కొనేముందు స్టిక్కర్ చూడండి. డీడీఆర్4 అయితే పీసీ4-2400టి అని ఉన్న తర్వాత ఓ అక్షరం వస్తుంది. ఆర్ ఉంటే రిజిస్టర్డ్, యు ఉంటే మామూలు డెస్క్‌టాప్ రకం, ఈ ఉంటే రిజిస్టర్ లేని ఈసీసీ.

అపోహ: 120 వాట్ల ప్రాసెసర్‌కి 60 వాట్లదాని కంటే కరెంటు బిల్లు రెట్టింపు.

వాస్తవం: అది వేడిని తట్టుకునే కూలర్ ఎంచుకోవడానికి ఇచ్చే అంకె, మీటర్ రీడింగ్ కాదు. ఆ 60 వాట్ల ఐ3 కూడా టర్బోలో 89 దాకా లాగుతుంది. అయినా రోజంతా ఆన్‌లో ఉండే మెషీన్ అయితే, పనేమీ లేనప్పుడు కూడా పాత సర్వర్ బోర్డు ఎక్కువే తాగుతుందన్నది నిజం. దీనికి తోడు, ఈ5లోనూ గ్రాఫిక్స్ ఉండదు కాబట్టి కార్డు విడిగా కొనాలి.

అపోహ: సర్వర్ సరుకు, చచ్చినా పాడవదు.

వాస్తవం: ప్రాసెసర్ వరకు ఈ మాట చాలామటుకు నిజమే, చిప్ అంత తేలిగ్గా చావదు. ముందుగా పోయేది బోర్డు. ఈ5లకు సరిపోయే పేరున్న కంపెనీల బోర్డులు కొత్తవి ఇప్పుడు దొరకడం కష్టం. ఎక్స్99 పేరుతో చైనా నుంచి వచ్చేవాటిలో చాలావాటి మీద అసలు ఎక్స్99 చిప్‌సెట్టే ఉండదు. పాత బోర్డుల నుంచి ఊడదీసిన వేరే చిప్‌సెట్ ఉంటుంది. సర్వర్‌కి ఆ గట్టితనం తెచ్చేది ఈసీసీ మెమరీ, జంట పవర్ సప్లైలు, ఏసీ గది. వాటిని వదిలేసి చిప్ ఒక్కటే ఇంటికి తెచ్చుకుంటున్నాం.

విండోస్ 11కి మైక్రోసాఫ్ట్ ఆమోదించిన ప్రాసెసర్ల జాబితాలో ఈ5 వి4 లేదు. లినక్స్ వాడేవాళ్లకు ఆ బెంగ అక్కర్లేదు. చిప్ చేతికందగానే మాత్రం పై లోహపు మూత మీద చెక్కిన అక్షరాలు చదవండి. మోడల్ నంబరు ఉండాల్సిన చోట ‘ఇంటెల్ కాన్ఫిడెన్షియల్’ అని ఉంటే అది పరీక్షల కోసం చేసిన ఇంజినీరింగ్ శాంపిల్. తుది చిప్‌కున్న వేగం దానికి ఉండకపోవచ్చు, బోర్డు బయోస్ దాన్ని గుర్తించకపోనూవచ్చు. ఎంత తగ్గించి ఇస్తానన్నా తిరిగి ఇచ్చేయండి.