దీవుల ప్రయాణం: ముందుగా ఎక్కడికి?

పరీక్షలు ముగిసి ఎండలు ముదిరేసరికి మా రావికమతంలో ఏ ఇంట చూసినా ఒకటే ప్రశ్న: ఈ సెలవుల్లో పిల్లలను ఎక్కడికి తీసుకువెళ్లాలి? కల్యాణపులోవ జలాశయం చూసి రావడం ఒక పూట ముచ్చట. విశాఖ సముద్ర తీరం ఒక రోజు ముచ్చట. పిల్లల కోరిక అక్కడితో ఆగదు. గల్ఫ్ దేశంలో పనిచేసే మా బంధువుల కుర్రవాడు ఒకసారి మధ్యధరా సముద్రంలోని దీవుల చిత్రాలు పంపాడు. సిసిలీ, మాల్టా, క్రీట్, సైప్రస్. ఒక దీవిలో రెండు రోజులు గడిపి, నౌకలో మరొక దీవికి సాగిపోవడం అక్కడివారి వేసవి అలవాటు.

ఆ పేర్లలో సైప్రస్ అన్న పేరు వినగానే మాకు గుర్తుకు వచ్చింది పర్యాటకం కాదు, హజ్రత్ ఉమ్మె హరామ్ (రజియల్లాహు అన్హా). సముద్రంపై పయనించబోయే వారిలో తానూ ఉండాలని ఆమె దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) వారిని దుఆ కోరారు. ఏళ్లు గడిచాక, పెద్ద వయసులో, ఆమె ఆ దీవికి వెళ్లిన దళంతో కలిసి సముద్రం దాటారు. సముద్రం ఆమెను ఏమీ చేయలేదు. నేల మీదికి చేరిన తరువాత వాహనం మీది నుండి పడి ఆమె మరణించారు. లార్నకా ఉప్పు సరస్సు ఒడ్డున ఆమె సమాధి ఉన్నదని ప్రసిద్ధి.

మదరసా ఉపాధ్యాయుని జీతంతో సైప్రస్ ప్రయాణం మా ఊహకే అందదు. అయితే బంగాళాఖాతానికి ఆవల మనకూ ఒక ద్వీపమాలిక ఉన్నది. అండమాన్ నికోబార్‌లో చిన్నవీ పెద్దవీ కలిపి 500కు పైగా దీవులు ఉన్నా, మనుషులు నివసించేవి నలభైకి లోపే. 2011 జనగణన ప్రకారం అక్కడి జనాభాలో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. ఉత్తరాంధ్ర నుండి వెళ్లి స్థిరపడినవారు అక్కడ ఎందరో. మా మేనమామ గారు వారిలో ఒకరు. మా ప్రయాణానికి మూలమూ ఆయనే, మా పొరపాటుకు సాక్షీ ఆయనే.

మేము చేసిన పొరపాటు

యువకుడిగా పనికోసం సముద్రం దాటిన మా మామయ్య గారు మధ్య అండమాన్‌లోని రంగత్‌లో ఇల్లు కట్టుకున్నారు. మా తల్లిగారు ఆ తమ్ముణ్ణి చూసి ఇరవై ఏళ్లు దాటింది. 2023లో పైసా పైసా కూడబెట్టి, చెన్నై మీదుగా విమానానికి టిక్కెట్లు తీసుకున్నాము. మదరసాకు అసలు సెలవులు షాబాన్, రమజాన్ నెలల్లో. పాఠశాల పిల్లలకేమో మండు వేసవిలో. అందువల్ల మే నెలలో మాకు దొరికింది కొద్ది రోజుల సెలవు మాత్రమే.

పథకం వేసినవాడు మా పెద్దబ్బాయి. మొదట పోర్ట్ బ్లెయిర్, తరువాత స్వరాజ్ ద్వీప్, ఆపైన శహీద్ ద్వీప్, చివరి రెండు రోజులు రంగత్. కాగితం మీద చూడముచ్చటగా ఉన్నది. ఒక్క రోజు కూడా వృథా పోలేదని మేమూ మెచ్చుకున్నాము. వృథా కాని రోజంటే ఖాళీ లేని రోజేనని అప్పుడు మాకు తట్టలేదు.

మే రెండవ వారంలో, తరువాత మోచా తుపానుగా మారిన వాయుగుండం ఆ సముద్రంలోనే పుట్టింది. మేము శహీద్ ద్వీప్‌లో ఉండగా నౌకలు ఆగిపోయాయి. ఒకటి కాదు, రెండు రోజులు. సముద్రం శాంతించి పోర్ట్ బ్లెయిర్‌కు చేరేసరికి మరునాటి ఉదయమే తిరుగు విమానం. రంగత్ అక్కడికి సుమారు 170 కిలోమీటర్లు. పైగా ఆ దారి జరావా తెగ అభయారణ్యం గుండా పోతుంది. అక్కడ వాహనాలను నిర్ణీత వేళల్లో, కాన్వాయ్‌గా మాత్రమే వదులుతారు. వెళ్లి రావడం అసాధ్యం. అక్కాతమ్ముళ్లు ఇద్దరూ ఒకే ద్వీపసమూహంలో ఉండి ఫోనులో మాట్లాడుకున్నారు. ఆ చలికాలంలో మామయ్య గారు అల్లాహ్ సన్నిధికి చేరుకున్నారు. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్.

మా తల్లిగారు ఎవరినీ నిందించలేదు. "దీవులు ఎక్కడికీ పోవు బేటా, మనుషులే పోతారు. ముందు వాడి దగ్గరికి వెళ్లి ఉండాల్సింది" అని మాత్రం అన్నారు. ఆ మాట ఎవరికైనా ఉపయోగపడాలనే ఈ వ్యాసం.

మొదటి గడిలో ఏమి రాయాలి?

ప్రయాణానికి కూర్చుని కాగితంపై గడులు గీసేటప్పుడు చాలామంది అందమైన చోట్లను ముందు రాస్తారు, బంధువులను చివరికి నెడతారు. తిరిగి రాగానే విశ్రాంతిగా కలుద్దామనుకుంటారు. దీవుల ప్రయాణంలో ఈ లెక్క చెల్లదు. రైలు తప్పితే మరో రైలు ఉంటుంది. సముద్రం వద్దంటే మరో దారి ఉండదు. కనుక ఏది తప్పిపోతే జీవితాంతం బాధ మిగులుతుందో అది మొదటి గడిలో రాయాలి. దూరంలో ఉన్న చోటు ముందు, విమానాశ్రయానికి దగ్గరలో ఉన్న చోటు చివర. తిరుగు ప్రయాణానికి ముందు ఒక పూర్తి రోజు ఖాళీగా వదిలేయాలి. ఆ రోజు ముఖ్య పట్టణంలోనే ఉండాలి. ఏడు రోజుల ప్రయాణానికి మూడు దీవులు చాలు. పెద్దలు వెంట ఉంటే రెండే చాలు.

పేర్ల విషయంలో తికమక పడవద్దు. హావ్‌లాక్‌ను స్వరాజ్ ద్వీప్‌గా, నీల్‌ను శహీద్ ద్వీప్‌గా 2018లో మార్చారు. పోర్ట్ బ్లెయిర్‌ను 2024లో శ్రీ విజయపురం అన్నారు. టిక్కెట్ల దగ్గర పాతవీ కొత్తవీ రెండూ వినబడతాయి.

కాలం, వాహనం

మన పాఠశాలల సెలవులు ఏప్రిల్ చివరి వారం నుండి జూన్ రెండవ వారం దాకా. నైరుతి రుతుపవనాలు అండమాన్‌ను తాకేది సాధారణంగా మే 20 ప్రాంతంలో. అంటే సెలవుల మొదటి సగమే మనది, అందులోనూ మే మొదటి వారం దాటకుండా తిరిగి రావడం మేలు. బక్రీద్ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతూ ఈ మధ్య వేసవిలోకే వచ్చింది. ఆ తేదీని కూడా చూసుకోవాలి.

విశాఖ నౌకాశ్రయం నుండి ప్రయాణికుల ఓడ ఉన్నది. సుమారు 1,200 కిలోమీటర్ల దూరానికి దాదాపు 56 గంటలు పడుతుంది. ఇది నెలకు ఒకసారి నడిచేది. తేదీ ఓడది, మనది కాదు. ఓడలో వెళ్లి విమానంలో రావడం కొందరికి వీలుగా ఉంటుంది. చిన్నపిల్లలు, మోకాళ్ల నొప్పులున్న పెద్దలు ఉన్న కుటుంబం రానూపోనూ విమానమే ఎంచుకోవాలి. దీవుల మధ్య నౌకల్లో పోర్ట్ బ్లెయిర్ నుండి స్వరాజ్ ద్వీప్‌కు వేగ నౌక సుమారు గంటన్నర, ప్రభుత్వ నౌక రెండున్నర గంటలు తీసుకుంటుంది. వాంతులు ఆపే మాత్రను వైద్యుని అడిగి ప్రయాణానికి ముందే వేసుకోవాలి, కడుపు తిప్పడం మొదలైన తరువాత కాదు. నౌక ఎక్కడం, దిగడం పెద్దలకు కష్టమైన ఘట్టం. మా తల్లిగారు అలలకు తట్టుకున్నారు గానీ రేవు మెట్ల మీద కాలు జారి చేయి బెణికించుకున్నారు. హజ్రత్ ఉమ్మె హరామ్ గాథ మాకు అప్పుడు మళ్లీ గుర్తుకు వచ్చింది.

నమాజు, భోజనం

అక్కడి గడియారం మనదే, సూర్యుడు మాత్రం మనకంటే ముందు. మే నెలలో సుమారు అయిదు గంటలకే తెల్లవారుతుంది. జుహర్ సమయం పదకొండుంబావుకే ప్రవేశిస్తుంది, సాయంత్రం ఆరు లోపే మగ్రిబ్. ఇంటి అలవాటుతో లేస్తే ఫజర్ తప్పిపోతుంది. ఖిబ్లా పడమరకు కాస్త ఉత్తరంగా ఉంటుంది. విశాఖ నుండి ఓడలో వెళ్లేవారికి అది ఇంచుమించు ఓడ వెనుక వైపు, వచ్చేటప్పుడు ముందు వైపు. పదిహేను రోజులకు తక్కువ బస అయితే హనఫీ ఫిఖ్హ్ ప్రకారం నాలుగు రకాతుల ఫర్జ్‌ను రెండుగా చేయాలి. ముఖ్య పట్టణంలో మసీదులు, హలాల్ భోజనశాలలు ఉన్నాయి. చిన్న దీవుల్లో చేప, అన్నం, పప్పుతో సరిపెట్టుకోవడం సులువు.

పిల్లలకు చూపవలసినవి

రాధానగర్ తీరం, శహీద్ ద్వీప్‌లోని సహజ శిలా తోరణం చూడదగినవే. వాటితో పాటు సెల్యులార్ జైలుకు సగం రోజు కేటాయించండి. ఏడు విభాగాలలో ఇప్పుడు మూడే మిగిలాయి. 1857 జూలై 17న హైదరాబాద్ రెసిడెన్సీ మీద దాడికి నాయకత్వం వహించిన మౌల్వీ అలావుద్దీన్‌ను, ఈ జైలు కట్టక ముందే, ఈ దీవులకు పంపారు. మన కొయ్యూరు కొండల నుండి అల్లూరి సీతారామరాజు అనుచరుడైన గాం మల్లుదొర ఇక్కడ శిక్ష అనుభవించి తిరిగి వచ్చి, 1952లో విశాఖ నుండి లోక్‌సభకు ఎన్నికయ్యారు. 1921 తరువాత పంపబడిన మలబారు మాప్పిళ్లాలు తమ ఊళ్ల పేర్లనే ఇక్కడి గ్రామాలకు పెట్టుకున్నారు. వండూర్, మంజేరి అలాంటివే. ఇల్లు విడిచిన మనిషి ఊరి పేరునైనా వెంట తెచ్చుకుంటాడని పిల్లలకు చెప్పండి. పగడపు ముక్కలు ఏరి తేవడం, జరావాలను ఫొటో తీయడం నేరమని కూడా చెప్పండి.

ఖర్చు విషయంలో ఒకే మాట. అప్పు చేసి, ముఖ్యంగా వడ్డీకి తెచ్చి, సెలవులు గడపవద్దు. చేతిలో ఉన్నది చాలకపోతే దీవులు తగ్గించండి, మరుసటి ఏటికి వాయిదా వేయండి. చిన్న దీవుల్లో ఏటీఎంలను నమ్ముకోక కొంత నగదు దగ్గర ఉంచుకోండి.

అల్లాహ్ తలిస్తే మేము మరొకసారి వెళ్లాలనుకుంటున్నాము. రంగత్‌లో మామయ్య గారి పిల్లలు ఉన్నారు. మా తల్లిగారు వారి కోసం తమ్ముని పేర చీర, చొక్కా గుడ్డ, మాడుగుల హల్వా పెట్టెలో సర్దుకోవడం అప్పుడే మొదలుపెట్టారు. ఈసారి పథకం కాగితం మా పెద్దబ్బాయే మళ్లీ గీశాడు. మొదటి గడిలో రంగత్ అని రాసి ఉన్నది.