తుప్పు: నీటి మీద నింద, సిమెంటు మీద నమ్మకం

తుప్పు గురించి మనలో పాతుకుపోయిన నమ్మకాల్లో కొన్నిటితో పెద్ద నష్టం లేదు. ఒకటి మాత్రం ఇంటి కప్పుకే ఎసరు పెడుతుంది.

అపోహ: నీళ్లు తగిలితే చాలు, ఇనుము తుప్పు పడుతుంది.

వాస్తవం: నీటితోపాటు గాలిలోని ఆక్సిజన్ కూడా ఉండాలి. బాగా మరిగించిన నీటిలో మేకు వేసి, పైన నూనె పోసి ఉంచండి. గాలి అందదు కాబట్టి మేకు రోజుల తరబడి మెరుస్తూనే ఉంటుంది. ఉప్పు కలిస్తే తుప్పు జోరందుకుంటుంది. విశాఖ, కాకినాడల్లో కిటికీ ఊచలు త్వరగా పాడవడానికి కారణం సముద్రపు ఉప్పుగాలే.

అపోహ: ఢిల్లీ ఇనుప స్తంభానికి తుప్పే పట్టలేదు.

వాస్తవం: పట్టింది, చాలా పలచగా. ఆ ఇనుములో భాస్వరం ఎక్కువ. దానివల్ల పైన గట్టి పొర ఏర్పడి లోపలి లోహాన్ని కాపాడుతోందని ఐఐటీ కాన్పూర్ ఆచార్యులు ఆర్. బాలసుబ్రమణ్యం పరిశోధనలు తేల్చాయి. సుమారు 1600 ఏళ్ల కిందటి కమ్మరుల పనితనం అది, మంత్రం కాదు.

అపోహ: తుప్పు మీద రంగు వేస్తే ఆగిపోతుంది.

వాస్తవం: ఆగదు, కనిపించదంతే. గరుకు కాగితంతో లోహం తేలేదాకా గీకి, ప్రైమర్ పూసి, ఆ తర్వాతే రంగు వేయాలి.

అపోహ: సిమెంటులో మునిగిన కమ్మీకి తుప్పు భయం లేదు.

వాస్తవం: అసలు ముప్పు ఇదే. కాంక్రీటుకున్న క్షారగుణం వల్ల కమ్మీ చుట్టూ కంటికి కనిపించని రక్షణ పొర ఏర్పడుతుంది. ఉప్పు చేరితే ఆ పొర చెదిరిపోతుంది. ఏళ్లు గడిచేకొద్దీ గాలిలోని కార్బన్ డయాక్సైడ్ లోపలికి దిగినా అంతే. తుప్పు ఇనుము కంటే రెండింతలకు పైగా చోటు ఆక్రమిస్తుంది. ఆ ఒత్తిడికి కాంక్రీటు చీలుతుంది, ఆ చీలికల్లోంచి నీరూ గాలీ మరింతగా చొరబడతాయి. సన్‌షేడ్ కింద పెచ్చులూడి కమ్మీలు బయటపడేది ఇలాగే. అప్పుడు అందరూ స్టీలు నాసిరకమంటారు. చాలా ఇళ్లలో తప్పు స్టీలుది కాదు, కమ్మీ కింద కాంక్రీటు మందం చాలకపోవడమే కారణం.

భారతీయ ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం తేలికపాటి (మైల్డ్) పరిస్థితుల్లో స్లాబు కమ్మీకి కనీసం 20 మిల్లీమీటర్ల కవర్, అంటే కమ్మీని కప్పే కాంక్రీటు మందం, ఉండాలి, తీరప్రాంతపు తీవ్ర పరిస్థితుల్లో 45. కాంక్రీటు కలిపే నీటిలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు మించకూడదు. కడగని సముద్రపు ఇసుక, ఉప్పు బోరు నీళ్లు వాడనివ్వకండి. స్లాబు వేసే రోజు మేస్త్రీ కమ్మీల కింద కంకరరాళ్లు దూరుస్తుంటే ఆపించి, కవర్ బ్లాకులు పెట్టించండి. కాంక్రీటు పోశాక సరిదిద్దడానికి వీలుండదు.