మొదటి గంట కొట్టేలోపు

మా పల్నాడు పల్లెల్లో మిరప కోతలు మొదలయ్యాయంటే నా మూడో తరగతిలో ఆవలింతలు పెరుగుతాయి. తల్లులు చీకటితోనే కూలీల ఆటో ఎక్కేస్తారు. పొద్దున్నే వండిన అన్నం వాళ్ల క్యారేజీకే సరిపోతుంది. “ఏం తినొచ్చావే?” అని అడిగితే, “టీ, బిస్కెట్లు టీచర్” అంటుంది పిల్ల. కొందరికి బిస్కెట్లు కూడా ఉండవు. ప్రార్థనలో మొహం పాలిపోయి కూలబడే పిల్లలు ఎక్కువగా వీళ్లే. అందుకే బీరువాలో పల్లీపట్టీల డబ్బా ఒకటి ఎప్పుడూ ఉంచుతాను.

రాత్రి ఎనిమిదికి తిన్న పిల్లకి మళ్లీ అన్నం దొరికేది మధ్యాహ్నం పన్నెండు దాటాక. అంటే పదహారు గంటలు. నిద్రలో కూడా మెదడు పని ఆగదు. కాలేయంలో దాచుకున్న గ్లూకోజుతో రాత్రి గడిచిపోతుంది. పిల్లల్లో ఆ నిల్వ తక్కువ, ఖర్చు ఎక్కువ. పెద్దవాళ్లలో ఒంటి బరువులో 2 శాతమే ఉండే మెదడు సుమారు 20 శాతం శక్తిని వాడుకుంటుంది. ఎదిగే పిల్లల్లో ఈ వాటా ఇంకా చాలా పెద్దది.

ఇది నాకు లెక్కల పలకల మీద కనిపిస్తుంది. 27ని 8తో హెచ్చవేయమంటే, ఖాళీ కడుపుతో వచ్చిన కుర్రాడు 166 అని రాస్తాడు. ఏడెనిమిదులు యాభై ఆరు అని నోటితో అంటాడు, ఆరు వేస్తాడు, చేతిలో ఉంచుకోవాల్సిన అయిదును వదిలేస్తాడు. వాడికి ఎక్కం రాక కాదు. అన్నం తిన్నాక అదే లెక్క ఇస్తే 216 అని టకీమని చెప్తాడు. అలాంటి పిల్లాణ్ణి మొద్దు అనడం అన్యాయం.

జమైకాలో 16 పల్లె బడుల్లో 800 మందికి పైగా పిల్లలతో చేసిన అధ్యయనం 1998లో అచ్చయింది. సగం మందికి ఏడాదిపాటు బడిలోనే పొద్దుటి ఆహారం పెట్టారు, మిగతావాళ్లకు నారింజలో పావు ముక్క ఇచ్చారు. తిన్న పిల్లల ఎత్తు, బరువు, హాజరు మెరుగుపడ్డాయి. చిన్న తరగతుల వాళ్లు లెక్కల్లోనూ ముందుకొచ్చారు.

పెద్దవాళ్ల సంగతి వేరు. టిఫిన్ తింటే బరువు తగ్గుతారన్న మాటకు గట్టి ఆధారం లేదని 2019లో ఆస్ట్రేలియాలోని మోనాష్ విశ్వవిద్యాలయం వాళ్లు తేల్చారు. నా బాధంతా పిల్లల గురించే.

ఏం పెట్టాలంటే పెద్ద వంటకాలేమీ అక్కర్లేదు. రాత్రి మిగిలిన అన్నంలో పెరుగు కలిపి, ఉల్లిపాయ నంజుకోనిస్తే చాలు. రాగిజావ మరీ మంచిది, 100 గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. ఉడికించిన గుడ్డో, నానబెట్టిన సెనగలో చేర్చగలిగితే మాంసకృత్తులూ అందుతాయి. టీ మాత్రం వద్దు. ఆకలిని కాసేపు చంపుతుంది, తిన్నదాంట్లోని ఇనుమును ఒంటికి సరిగా పట్టనివ్వదు. మన దేశంలో 15–19 ఏళ్ల అమ్మాయిల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉందని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. అలాంటి చోట ఎదిగే ఆడపిల్లకి పొద్దున్నే టీ గ్లాసు అందించడం చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

అయితే చీకటితో కూలికి వెళ్లే తల్లిని తప్పుపట్టి లాభం లేదు. పొద్దుటి తిండి బడిలోనే దొరకాలి. 2020 జాతీయ విద్యా విధానం ఈ మాటే చెప్పింది. వేడిగా వండలేని చోట బెల్లంతో వేరుసెనగలో, సెనగలో పెట్టమంది. తమిళనాడు 2022 సెప్టెంబరులో ఒకటి నుంచి అయిదో తరగతి పిల్లలకు అల్పాహార పథకం మొదలుపెట్టింది. ఆంధ్రప్రదేశ్‌లో 2023 మార్చిలో వారానికి మూడు రోజుల రాగిజావ మొదలైంది. మూడు రోజులతో సరిపెట్టకండి. మీ ఊరి బడి కమిటీ సమావేశానికి వెళ్లినప్పుడు, అన్ని రోజులూ మొదటి గంటకు ముందే పిల్లల కడుపులో ఏదైనా పడేలా చూడమని అడగండి.