తొమ్మిది గంటల పక్క, ఐదున్నర గంటల నిద్ర

నిద్ర పట్టని మనిషి మొదట చేసే పని పెందరాళే పడుకోవడం. నిన్న పోయిన నిద్రను ఈ రాత్రి రాబట్టుకుందామని తొమ్మిదింటికే దుప్పటి కప్పుకుంటారు. తెల్లారాక కూడా ఇంకాస్త పడుతుందేమోనని కళ్లు మూసుకుని ఉంటారు. ఎంతో సహజంగా అనిపించే ఈ పనే చాలామందిలో నిద్రలేమిని నెలల తరబడి నిలబెడుతుంది. ఎలాగో లెక్క వేసి చూద్దాం.

రిటైరైన ఒక ఉద్యోగి ఉన్నారనుకుందాం. రాత్రి 9:30కి పక్క ఎక్కారు. 11 అయితే గానీ కునుకు పట్టలేదు. 2 గంటలకు బాత్రూంకి లేచారు, మళ్లీ పట్టలేదు. ఫ్యాను చప్పుడు వింటూ, ఇంటి లోను వాయిదాలు మనసులో కూడుకుంటూ 4 దాకా దొర్లారు. తర్వాత నిద్రపోయి 6:30కి లేచారు. పక్క మీద గడిచింది 9 గంటలు. పట్టిన నిద్ర మొదట 3 గంటలు, తర్వాత రెండున్నర, మొత్తం ఐదున్నర. 330 నిమిషాలను 540తో భాగిస్తే 61 శాతం. దీన్నే డాక్టర్లు స్లీప్ ఎఫిషియెన్సీ అంటారు, అంటే పక్క మీద గడిపిన సమయంలో నిద్రకు దక్కిన వాటా. మామూలుగా అది 85 శాతం దాటాలి. చాలీచాలని పిండితో పెనం నిండా అట్టు పోస్తే చిల్లులు పడతాయి. ఐదున్నర గంటల నిద్రను తొమ్మిది గంటల మీద పరిస్తే అలాగే మధ్యలో మెలకువలు వస్తాయి.

మరి ఏం చేయాలి? పక్క మీద గడిపే సమయాన్ని ముందు నిద్రకు సరిపడా కుదించి, తర్వాత నిదానంగా పెంచాలి. ఆర్థర్ స్పీల్‌మన్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త, ఆయన సహచరులు ఈ పద్ధతిని 1987లో ప్రచురించారు. రెండు వారాల పాటు ఎప్పుడు పడుకున్నారో, సుమారుగా ఎంతసేపు నిద్రపోయారో పొద్దున్నే కాగితం మీద రాసుకోవాలి. సగటు ఐదున్నర గంటలు వచ్చిందనుకోండి, ముందు లేచే వేళను ఖాయం చేసుకోవాలి. ఉదయం 5:30 అనుకుంటే, పక్క ఎక్కేది రాత్రి 12కే. ఆదివారమైనా, పండగైనా లేచే వేళ మారకూడదు. ఒక వారం గడిచాక నిద్ర 5 గంటలకు తగ్గినా, 300ను 330తో భాగిస్తే 91 శాతం. 90 దాటింది కాబట్టి వచ్చే వారం 11:45కే పడుకోవచ్చు. 85కీ 90కీ మధ్య ఉంటే అదే వేళ కొనసాగించాలి. 85 కంటే తగ్గితే ఇంకో పావుగంట కుదించాలి, అయితే ఎంత కుదించినా 5 గంటల కంటే తగ్గించవద్దు. ప్రతి వారం ఒక పావుగంట కలుస్తూ పోతే అయిదు వారాల్లో పక్క సమయం ఆరు గంటల 45 నిమిషాలకు చేరుతుంది.

అసలే నిద్ర లేదంటే ఇంకా తగ్గించమంటారేమిటని అడగడం న్యాయమే. మనం మేలుకుని ఉన్నంతసేపూ మెదడులో అడెనోసిన్ అనే పదార్థం పోగవుతుంది. నిద్రమత్తు రావడానికి అదొక ముఖ్య కారణం, నిద్రపోతే తగ్గిపోతుంది. ఆలస్యంగా పడుకుంటే అది బాగా పేరుకుంటుంది కాబట్టి నిద్ర త్వరగా పడుతుంది, ఒకే ముద్దగా సాగుతుంది. మొదటి ఒకటి రెండు వారాలు మాత్రం పగలు తూగు తప్పదు. అందుకే లారీ, ఆటో, బస్సు నడిపేవారు, యంత్రాల దగ్గర పనిచేసేవారు, మూర్ఛ లేదా బైపోలార్ జబ్బు ఉన్నవారు డాక్టరును అడగకుండా దీన్ని మొదలుపెట్టకూడదు. పెద్దగా గురక పెడుతూ మధ్యమధ్యలో ఊపిరి ఆగినట్టయ్యేవారి సంగతి వేరు. అది స్లీప్ అప్నియా, అంటే నిద్రలో గొంతు దారి మూసుకుపోయే జబ్బు కావచ్చు. వారు ముందు పరీక్ష చేయించుకోవాలి.

పక్క మీద మెలకువగా ఉంటే ఏం చేయాలన్నదానికి రిచర్డ్ బూట్‌జిన్ అనే మరో మనస్తత్వవేత్త 1972లోనే జవాబు చెప్పారు. పావుగంటో ఇరవై నిమిషాలో అయినట్టు తోస్తే లేచిపోవాలి, కళ్లు మూతలు పడుతుంటేనే తిరిగి రావాలి. రాత్రుళ్లు దొర్లీ దొర్లీ మంచం అంటేనే మెలకువ అని ఒంటికి అలవాటైపోతుంది, ఆ లంకె తెగాలి. గడియారం చూడకండి, అంచనా చాలు. ఒకే గదిలో ఇంటిల్లిపాదీ పడుకునే ఇళ్లలో ఎక్కడికి వెళ్లాలి? వంటింటి గడప దగ్గర పీట వేసుకున్నా, వరండాలో కుర్చీలో కూర్చున్నా సరిపోతుంది. లైటు చిన్నదిగా ఉండాలి, చేతిలో ఫోన్ ఉండకూడదు.

ఇంతా చేస్తే ఫలితం ఎంత? ఈ రెండు పద్ధతులూ, నిద్ర గురించిన భయాలను సరిదిద్దే మాటల చికిత్సా కలిపి సీబీటీ-ఐ అంటారు. 20 అధ్యయనాల ఫలితాలను కలిపి 2015లో విశ్లేషించారు. నిద్ర పట్టడానికి తీసుకునే సమయం సగటున 19 నిమిషాలు, మధ్యరాత్రి మెలకువ 26 నిమిషాలు తగ్గాయి. మొత్తం నిద్ర పెరిగింది మాత్రం 8 నిమిషాల లోపే. ఈ చివరి అంకె చూసి నిరుత్సాహపడకండి. రాత్రికి 45 నిమిషాల దొర్లుడు తగ్గిందంటే నెలకు 22 గంటలకు పైనే, దాదాపు ఒక పూర్తి రోజు. నిద్ర పట్టనివాళ్లను ఎక్కువగా వేధించేది ఆ చీకట్లో గడిచే గంటలే.

ఎనిమిది గంటలు పడుకోకపోతే ప్రమాదమంటారు కదా? అమెరికా నిద్ర వైద్యుల సంఘాలు 2015లో పెద్దలకు చెప్పింది 7 గంటలు లేదా అంతకు మించి. అది చేరాల్సిన గమ్యం, ఈ రాత్రే కట్టి తీరాల్సిన బాకీ కాదు. పైగా వారానికి కనీసం 3 రాత్రులు, 3 నెలల పాటు ఇబ్బంది పడుతూ పగటి పనులు కూడా చెడుతుంటేనే దాన్ని దీర్ఘకాలిక నిద్రలేమి అంటారు. పరీక్షల ముందో, ఇంట్లో ఎవరికైనా బాగోలేనప్పుడో తప్పిన నిద్ర సాధారణంగా తనంతట తనే దారికొస్తుంది.

సాయంత్రం కాఫీ లెక్క కూడా చూడాలి. కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికి సగటున 5 గంటలు పడుతుంది, కొందరికి ఇంకా ఎక్కువ. 5 గంటలకు తాగిన కప్పులో 80 మిల్లీగ్రాములు ఉంటే రాత్రి 10కి 40 మిగులుతాయి, అంటే దాదాపు ఒక కప్పు టీ తాగి పడుకున్నట్టే. తెల్లవారుజామున 3కి కూడా 20 ఉంటాయి. కాబట్టి చివరి కాఫీ మధ్యాహ్న భోజనంతోనే అయిపోవాలి. మధ్యాహ్నపు కునుకు ఈ అయిదారు వారాలూ మానేయడమే మంచిది. మద్యం తాగితే నిద్ర తొందరగా వస్తుంది, కానీ తెల్లవారుజాము నిద్ర చెదిరిపోతుంది.

నిద్రమాత్రల సంగతి. దీర్ఘకాలిక నిద్రలేమికి మొదట ఇవ్వాల్సింది సీబీటీ-ఐ అని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లో తేల్చింది. మన దేశంలో ఆల్ప్రజోలం వంటి మాత్ర షెడ్యూల్ హెచ్1లో ఉంది. దాన్ని చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మిన వివరాలను షాపువాళ్లు ప్రత్యేక రిజిస్టరులో రాసి మూడేళ్లు ఉంచాలి. అలవాటు పడే గుణం ఉంది కాబట్టే ఇంత కట్టడి. పక్కింటివాళ్లకు పనిచేసిందని అడిగి తెచ్చుకోకండి. ఇప్పటికే ఏళ్లుగా వాడుతున్నవారు ఈ కథనం చదివి రేపటి నుంచి ఒక్కసారిగా ఆపేయకండి, అలా ఆపితే నిద్ర మరింత చెడుతుంది, ఫిట్స్ కూడా రావచ్చు. రాసిన డాక్టరుతోనే మాట్లాడి కొద్దికొద్దిగా తగ్గించుకోవాలి. దిగులు, భయం వల్లే నిద్ర పట్టడం లేదనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.