గాలిని నమ్ముకుని కడలిలోకి దిగేవారికి

పెద్ద గాలిపటాన్ని నడుముకు తగిలించుకుని, కాళ్ళకింద పలకతో నీళ్ళమీద జారిపోయే వినోదానికి కైట్‌బోర్డింగ్ అని పేరు. తమిళనాట రామేశ్వరం, తూత్తుకుడి తీరాలలో దీనిని నేర్పేవారున్నారు. మన పిల్లలూ ముచ్చటపడటం సహజమే. వద్దనడం మా ఉద్దేశం కాదు. గాలివాన నుంచి తప్పుకునే బాధ్యత ఎవరిదో ముందుగా తెలుసుకోమనడమే మా మనవి.

ఇది పండుగనాడు మేడమీద ఎగరేసే పటం వంటిది కాదు. 9 మొదలు 12 చదరపు మీటర్ల గుడ్డ, 20 మీటర్లకు పైబడిన తాళ్ళు! గాలివేగం రెండింతలైతే లాగుడు నాలుగింతలవుతుంది. 15 నాట్ల గాలికి హాయిగా నడిచిన పటమే 30 నాట్లకు మనిషిని ఎత్తి రాళ్ళమీద పడవేయగలదు. ఉరుముల మబ్బునుంచి దిగే చల్లగాలి వానకంటె ముందే వచ్చి తగులుతుంది. కాబట్టి నెత్తిమీద ఎండ ఉన్నదిగదా అని ధీమా పడరాదు.

రామేశ్వరం దీవిలో ఉత్తరపు గాలి కాలం డిసెంబరు ప్రాంతాన మొదలవుతుంది. అప్పటికి తుపానుల కాలం పూర్తిగా దాటిపోదు. 1964 డిసెంబరు 22 రాత్రి ధనుష్కోడిని తుడిచిపెట్టి, పాంబన్ నుంచి వెళ్తున్న రైలును ప్రయాణికులతో సహా మింగిన తుపాను ఆ దీవిమీదనే విరుచుకుపడింది. గాలి ఉన్నప్పుడే తూర్పారబట్టమన్న సామెత కళ్ళంలో చెల్లుతుంది గాని, ఇక్కడ చెల్లదు.

వాతావరణ శాఖ పసుపు, నారింజ, ఎరుపు రంగులతో హెచ్చరిస్తుంది. జాలరులను సముద్రంలోకి పోవద్దంటుంది. జాలరికి చెప్పిన మాట మనకు మాత్రం కాదా? అది తెలుసుకుని ఆగవలసినవాడు దిగేవాడే. గురువు ఒడ్డున ఉన్నాడుగదా అనుకోరాదు, తాడు చివర ఉండేది తానొక్కడే. మబ్బు నల్లబడినా, గాలి హఠాత్తుగా చల్లబడినా, ఉరుము వినబడినా, వెంటనే ఒడ్డుకు వచ్చి పటం దింపి కట్టివేయాలి. చివరి ఉరుము తరువాత 30 నిమిషాలు ఆగాలి. ఒడ్డున పటం ఎత్తి అందించేవాడికీ బాధ్యత ఉంది. మబ్బు చూసి, "నేను ఎత్తను" అనగలిగినవాడే స్నేహితుడు.

మనం తెగించి దిగి చిక్కుకుంటే, మనకోసం పడవ వేసుకు రావలసింది ఎవరు? పొద్దున్నే వల మడిచి ఇంటిపట్టున ఉన్న జాలరే! మన సరదాకు అతని ప్రాణం పణం కారాదు.

పెద్దలకు కూడ ఒక్క మాట. "ఇవాళ దిగలేదు" అని తిరిగివచ్చిన పిల్లవాణ్ణి పిరికివాడనకండి. కట్టిన రుసుము గుర్తుచేయకండి. వాడు మీరు నేర్పవలసిన పాఠమే నేర్చుకుని వచ్చాడు.