9.3 నెలల వెనుక

అక్యూట్ మైలాయిడ్ లుకేమియా అనే రక్త క్యాన్సర్ తిరగబెడితే ఇంటివాళ్లు మొదట అడిగేది, 'మళ్లీ అదే కీమో ఇవ్వకూడదా?' అని. ఇవ్వవచ్చు. కానీ ఆ కీమోకు లొంగే కణాలు అప్పుడే చచ్చిపోయాయి. ఇప్పుడున్నవి దాన్ని తట్టుకుని మిగిలినవాటి సంతానం. అందుకే జన్యుపరీక్ష మళ్లీ చేయించాలి. మొదట కనబడని మార్పు ఇప్పుడు కనబడవచ్చు, ఉన్నది పోయి ఉండవచ్చు.

ఈ రోగుల్లో సుమారు 30 శాతం మందికి ఎఫ్‌ఎల్‌టి3 అనే జన్యువులో మార్పు ఉంటుంది. ఆ జన్యువు నుంచి తయారయ్యే ప్రొటీన్ కణం పైపొరలో ఉండి, బయటినుంచి కబురు అందితేనే 'పెరుగు' అని లోపలికి చెప్పాలి. మార్పు వచ్చాక కబురుతో పనిలేదు, చెబుతూనే ఉంటుంది. దాని నోరు మూయించడానికి జపాన్‌కు చెందిన ఆస్టెల్లాస్ కంపెనీ తెచ్చిన మాత్ర గిల్టెరిటినిబ్.

దీని మోతాదు తేల్చిన తీరు నాకెంతో నచ్చింది. పాత కీమో మందులను ఒళ్లు ఎంత ఓర్చుకుంటే అంత ఇవ్వడం ఆనవాయితీ. ఇక్కడ రోజుకు 20 నుంచి 450 మిల్లీగ్రాముల దాకా ఇచ్చి చూశారు. 300 దాకా రోగులు ఓర్చుకున్నారు. అయినా ఎంచుకున్నది 120. రోగుల ప్లాస్మాను పరీక్షిస్తే, 80 మిల్లీగ్రాముల నుంచే ఎఫ్‌ఎల్‌టి3 పని 90 శాతానికి పైగా ఆగిపోతోందని తెలిసింది. ఆగిపోయినదాన్ని ఆపడానికి ఇంకా మందెందుకు? జన్యుమార్పు లేనివారికీ ఇచ్చి చూశారు. వారిలో ఎనిమిది మందిలో ఒకరికే గుణం కనిపించింది, మార్పు ఉన్నవారిలో దాదాపు సగం మందికి. మందు గురి తప్పడం లేదనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

ఆ తరువాతది అడ్మిరల్ ప్రయోగం. 371 మంది, అందరికీ జబ్బు తిరగబెట్టింది లేదా తొలి చికిత్సకు లొంగనేలేదు. ముగ్గురిలో ఇద్దరికి మాత్ర, ఒకరికి కీమో. ఎవరికి ఏదన్నది డాక్టరు ఇష్టం కాదు, చీటీ తీసినట్టే. ఉత్తుత్తి మాత్ర ఎవరికీ ఇవ్వలేదు. ఇంత త్వరగా ప్రాణం తీసే జబ్బులో అది అన్యాయం. ఫలితాలు 2019లో వెలువడ్డాయి. కీమో తీసుకున్నవారిలో సగం మంది 5.6 నెలలకే పోయారు, మాత్ర వేసుకున్నవారిలో 9.3 నెలలకు. ఏడాది తరువాత బతికున్నవారు కీమోతో 16.7 శాతం, మాత్రతో 37.1 శాతం.

నాలుగు నెలలైనా లేని తేడా అనిపిస్తుంది. కానీ మాత్ర వేసుకున్నవారిలో నాలుగోవంతు మంది, జబ్బు పూర్తిగా నయమయ్యే ఆశనిచ్చే మూలకణ మార్పిడి దాకా వెళ్లగలిగారు.

మాత్ర వాడుతుండగానే జబ్బు మళ్లీ పెరిగినవారి కణాల్లో తరచూ రాస్ కుటుంబపు జన్యువుల్లో కొత్త మార్పులు కనబడ్డాయి. ఎఫ్‌ఎల్‌టి3 నోరు మూసుకునే ఉన్నా, దాని దిగువనున్న ప్రొటీన్ అదే మాట చెబుతోంది. అందుకే ఇప్పుడు ఈ మాత్రను వేరే దారుల్లో పనిచేసే వెనెటోక్లాక్స్, అజాసైటిడిన్ అనే మందులతో కలిపి పరీక్షిస్తున్నారు.