గాలిలో తిరిగే రాగిపూలు

తాటాకును సన్నని పాయలుగా చీల్చి, ఒకదానిలో ఒకటి అడ్డంగా దూర్చి, నడుమ తుమ్మముల్లు గుచ్చి, దానిని గాలికి ఎదురుగా పట్టుకొని పొలం గట్ల వెంట పరుగెత్తిన బాల్యం తెలుగు పల్లెల్లో ఎందరికో ఉంది. ఆ ఆటవస్తువులో రెండు రహస్యాలున్నాయి. ఆకు కొంచెం మెలితిరిగి ఉండాలి. ముల్లుకూ రంధ్రానికీ మధ్య కొంచెం వదులు ఉండాలి. మెలిక లేని ఆకును గాలి తోస్తుందే గాని తిప్పలేదు. వదులు లేని ముల్లు తిరగనివ్వదు. అమెరికా, ఇంగ్లండు వంటి దేశాలలో ఇళ్ల ముందు తోటల్లో నిలబెట్టే రాగి గాలిచక్రాలకు కూడా ఈ రెండే మూలసూత్రాలు. తాటాకుకు బదులు రాగిరేకు, ముల్లుకు బదులు ఉక్కు ఇరుసు. అయితే తాటాకు చక్రం సాయంత్రానికి వాడిపోయినా ఎవరూ బాధపడరు. రాగిచక్రం ఎండలో, వానలో, మంచులో ఏళ్ల తరబడి నిలవాలి. చేసినవాని నేర్పు అక్కడే పరీక్షకు వస్తుంది.

గాలితో ఆడుకొనే లోహపు వస్తువులకు అమెరికాలో పాత చరిత్రే ఉంది. బోస్టన్ నగరంలోని ఫాన్యూల్ హాల్ కప్పు మీద గాలి ఎటు వీస్తున్నదో చూపే రాగి మిడత 1742 నాటిది. జార్జి వాషింగ్టన్ 1787లో తన మౌంట్ వెర్నన్ భవనం శిఖరం మీద శాంతికపోతం ఆకారంలో ఒక పవనసూచిని పెట్టించాడు. దాని శరీరం రాగి. ఇవి గాలి దిశను చూపేవి. కేవలం కన్నులపండువు కోసం తిరిగే చక్రాలను గొప్ప కళగా మలచినవారిలో నార్త్ కరోలినా రాష్ట్రానికి చెందిన వాలిస్ సింప్సన్ ముఖ్యుడు. ఆయన 1919లో జన్మించాడు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో పసిఫిక్ మహాసముద్రంలోని సైపాన్ దీవిలో సైనికుడుగా ఉండగా, పాడైపోయిన బాంబరు విమానం విడిభాగాలతో ఒక గాలిమర చేసి, దానితో బట్టలుతికే యంత్రాన్ని నడిపాడట. తరువాత యంత్రాలు బాగుచేసే దుకాణం నడిపి, విశ్రాంతి తీసుకోవలసిన వయసులో తుక్కు ఇనుముతో మూడంతస్తుల మేడలంత ఎత్తయిన గాలిచక్రాలను నిలబెట్టాడు. ఆయన మరణించిన 2013లోనే ఆ రాష్ట్రం గాలిచక్రాన్ని తన అధికారిక జానపద కళగా ప్రకటించింది. ఆయన చక్రాలతో విల్సన్ పట్టణంలో ఏర్పరచిన ఉద్యానం 2017లో ప్రారంభమయింది.

సింప్సన్ వాడినది ఎక్కువగా ఇనుము, అల్యూమినియం. ఇంటి వెనుక చిన్న పనిపాకలో చక్రం చేసుకొనేవారు మాత్రం రాగినే కోరుకుంటారు. అందుకు కారణాలు లేకపోలేదు. రాగి ఇనుములా తుప్పుపట్టి రాలిపోదు. కొయ్యసుత్తికి కూడా లొంగుతుంది. అన్నిటికంటె మించి దానికి రంగులున్నాయి. అమెరికాలో ఇంటికప్పులకు వాడే రాగిరేకును మందాన్ని బట్టి కాక బరువును బట్టి అమ్ముతారు. చదరపు అడుగు రేకు 16 ఔన్సులు తూగితే దాని మందం సుమారు 0.55 మిల్లీమీటర్లు. తోటచక్రాల రేకలకు, అంటే పూరెక్కల వంటి ఆకులకు, ఇది తగిన మందం. ఇంతకంటె పలుచనైతే గాలివానకు ముడుచుకుపోతుంది. మరీ మందమైతే చేతికత్తెరకు తెగదు.

ముందుగా మందపాటి కాగితం మీద ఒక రేక ఆకారాన్ని గీసి కత్తిరించుకోవాలి. ఆ ఒక్క నమూనాతోనే ఆరు లేదా ఎనిమిది రేకలనూ రాగిరేకు మీద గీయాలి. ప్రతి రేకనూ విడిగా గీస్తే ఏ రెండూ సమానంగా రావు, ఆ తేడా తరువాత చక్రం తిరిగేటప్పుడు బయటపడుతుంది. కత్తిరించిన అంచు కత్తిలా ఉంటుంది కాబట్టి తోలు తొడుగులు తప్పనిసరి. అంచులన్నిటినీ ఆకురాయితో రుద్ది నునుపు చేయాలి. గాలిలో వేగంగా తిరిగే వస్తువు పిల్లల చేతికి అందేచోట ఉంటుందని ఎప్పుడూ మరవకూడదు.

ఇక అసలు పని సుత్తికీ నిప్పుకూ మధ్య నడుస్తుంది. ఇసుక నింపిన తోలుసంచి మీద రేకను ఉంచి కొయ్యసుత్తితో మెల్లగా కొడితే, అది దోసిలిలా లోతు తేలుతుంది. మొదట ఎంతో మెత్తగా లొంగిన రాగి కొంతసేపటికి మొండికేస్తుంది. దెబ్బ చప్పుడు కూడా మారి ఖణేలుమంటుంది. దీనికి కారణం లోహం లోపలి నిర్మాణంలో ఉంది. రాగి అసంఖ్యాకమైన చిన్న స్ఫటికాల కూర్పు. దెబ్బ పడినప్పుడు ఆ స్ఫటికాల్లోని అణువుల వరుసలు ఒకదానిపై ఒకటి జారుతాయి. అందుకే లోహం వంగుతుంది. దెబ్బలు పెరిగినకొద్దీ ఈ జారుడులోని చిక్కులు ఒకదానికొకటి అడ్డుపడి, చివరకు వరుసలు కదలలేని స్థితి వస్తుంది. అప్పుడింకా కొడితే రేక అంచు దగ్గర చీలుతుంది.

ఈ మొండితనాన్ని పోగొట్టేది నిప్పు ఒక్కటే. గ్యాసు మంటతో రేకను కాలిస్తే అది మసక వెలుతురులో మాత్రమే కనిపించే లేత ఎరుపుకు వస్తుంది. అంతటితో ఆపాలి. ఎండలో ఈ పని చేసేవాడు ఆ ఎరుపును చూడలేక, అవసరానికి మించి కాలుస్తాడు. అందుకే అనుభవజ్ఞులు నీడపట్టునే మంట వెలిగిస్తారు. రాగి 1085 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. మెత్తబడడానికి అందులో సగం వేడి చాలు. ఆ వేడిలో లోపలి స్ఫటికాలు కొత్తగా ఏర్పడి, పాత చిక్కులన్నీ విడిపోతాయి. కాలిన రేకను వెంటనే నీటిలో ముంచవచ్చు. పదునుపెట్టే ఉక్కును ఇలా ముంచితే గట్టిపడి పెళుసవుతుంది, రాగి మెత్తగానే ఉంటుంది. ఒకే కొలిమి, ఒకే నీళ్లతొట్టి, రెండు లోహాలకు రెండు ఫలితాలు! రాగి వేడిని ఎంత త్వరగా ప్రసరింపజేస్తుందో కూడా ఇక్కడే తెలుస్తుంది. ఒక కొసను కాలుస్తుంటే రెండో కొస పట్టుకున్న చేయి క్షణాల్లో కాలుతుంది. పట్టకారు లేకుండా ఈ పనికి దిగకూడదు.

నీటిలోంచి తీసిన రేక మీద నల్లని పొర ఉంటుంది. అది గాలిలోని ఆమ్లజనితో కలిసి ఏర్పడిన రాగి ఆక్సైడు. దానిని తొలగించడానికి పాశ్చాత్యులు పలుచని ఆమ్లద్రావణాన్ని వాడతారు. మన ఇళ్లలో రాగిచెంబును చింతపండుతో తోమినప్పుడు జరిగేది అదే రసాయనిక చర్య. జనగామ దగ్గరి పెంబర్తి గ్రామంలో ఇత్తడి, రాగి రేకుల మీద నగిషీలు చెక్కే కళాకారులకు ఈ కొట్టడం, కాల్చడం, శుభ్రపరచడం నిత్యకృత్యం. 2010లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ కళలో ఇసుకసంచి స్థానంలో లక్క ఉంటుంది. రేకు వెనుక లక్క పరచి, చిన్న ఉలులతో బొమ్మను తేలుస్తారు. లోహం స్వభావం మాత్రం దేశాన్ని బట్టి మారదు.

అయితే చివరిసారి సుత్తిదెబ్బలు వేసిన తరువాత రేకను మళ్లీ కాల్చకూడదు. అంతవరకు అడ్డంకిగా తోచిన ఆ గట్టిదనమే ఇప్పుడు కావలసింది. గాలిదెబ్బకు రేక వంగకుండా నిలిపేది అదే. ఈ కారణం చేతనే రేకలను నడిమి బిళ్లకు అతికేటప్పుడు, ఎర్రగా కాల్చి వెండి టంకం పెట్టడం కంటె రివెట్లు కొట్టడం మేలు. వెండి టంకం కరగడానికి సుమారు 600 డిగ్రీలకు మించిన వేడి కావాలి. ఆ వేడికి రేక మొదలు మళ్లీ మెత్తబడుతుంది, గాలివాన వచ్చిన రాత్రి సరిగ్గా అక్కడే ఒరుగుతుంది.

రేకలను బిళ్లకు బిగించాక ప్రతిదానినీ ఒకే వైపుకు, ఒకే కోణంలో మెలితిప్పాలి. ఏటవాలు రేకను తాకిన గాలి పక్కకు మళ్లుతూ రేకను ఎదుటి పక్కకు నెడుతుంది. ఆ నెట్టుడే భ్రమణం. ఒకే ఇరుసు మీద రెండు చక్రాలను ఉంచి, ఒకదాని రేకలను కుడికీ రెండోదాని రేకలను ఎడమకూ తిప్పితే అవి ఎదురెదురుగా తిరుగుతాయి. అప్పుడు చూపరికి పువ్వు విచ్చుకుంటూ ముడుచుకుంటున్న భ్రాంతి కలుగుతుంది. కొందరు రేకలను ఎక్కువగా తిప్పి, చిన్న గాలికే గిరగిర తిరిగేలా చేయాలని ఆశపడతారు. గాలివేగం రెట్టింపైతే అందులోని శక్తి ఎనిమిది రెట్లు అవుతుందన్న లెక్కను వారు గుర్తుంచుకోవడం మంచిది. మందమారుతానికి వేగంగా తిరిగేది తుపానుకు ఊడిపోయే ప్రమాదం ఉంది. తోటకు అందమైనది నెమ్మదిగా తిరిగే చక్రమే.

తరువాతిది తూకం. చక్రాన్ని ఇరుసుకు తగిలించి, గాలి లేని గదిలో చేతితో మెల్లగా తిప్పి వదలాలి. ప్రతిసారీ ఒకే రేక అడుగుకు వచ్చి ఆగితే అది బరువైనదని అర్థం. దాని అంచును ఆకురాయితో కొంచెం అరగదీయాలి, లేదా ఎదుటి రేక వెనుక ఒక చుక్క టంకం పెట్టాలి. ఏ రేక ఎక్కడ ఆగుతుందో చెప్పలేని స్థితి వచ్చేవరకు ఈ పని సాగాలి. ఇది ఓర్పును పరీక్షిస్తుంది. చాలామంది దీనిని వదిలేస్తారు. తూకం తప్పిన చక్రం తిరిగినంతసేపూ కంభాన్ని కుదుపుతుంది, కొన్ని నెలలకు ఇరుసు రంధ్రం కోడిగుడ్డు ఆకారానికి అరుగుతుంది.

ఇరుసు విషయంలో కంటికి కనిపించని మరో శత్రువు ఉంది. రాగీ ఇనుమూ ఒకదానికొకటి తాకి ఉండగా వాటి మధ్య వాననీరు చేరితే, అది చిన్న విద్యుద్ఘటంలా పనిచేస్తుంది. ఈ పోరులో రాగి చెక్కుచెదరదు. ఇనుము కరిగి తుప్పవుతుంది. న్యూయార్కు రేవులో 1886లో ప్రతిష్ఠించిన స్వేచ్ఛాప్రతిమ ఇందుకు జగద్విదితమైన ఉదాహరణ. దాని రాగిచర్మం మందం సుమారు 2.4 మిల్లీమీటర్లు మాత్రమే. లోపల ఈఫిల్ రూపొందించిన ఇనుప చట్రం ఉంది. రెండు లోహాలూ కలవకుండా మధ్యలో లక్కతో చేసిన షెల్లాకులో నానబెట్టిన ఆస్బెస్టాస్ పెట్టారు. కాలక్రమంలో అది చెడిపోయి, రాగిని పట్టి ఉంచే ఇనుప పట్టీలు తుప్పుతో ఉబ్బాయి, రివెట్లు ఊడాయి. 1986లో పూర్తయిన పునరుద్ధరణలో ఆ పట్టీల స్థానంలో తుప్పుపట్టని ఉక్కు పట్టీలను అమర్చి, మధ్యలో టెఫ్లాన్ పొర వేశారు. తోటచక్రానికి కూడా ఇదే వైద్యం చిన్న పాళ్లలో సరిపోతుంది: తుప్పుపట్టని ఉక్కు ఇరుసు, రాగి తాకేచోట ఒక నైలాన్ వాషరు. అంగడిలో రూపాయల్లో దొరికే ఆ చిన్న వలయం లేకపోతే ఎంత అందమైన రాగిపువ్వయినా కొన్నేళ్లలో కీచుమంటూ బిగుసుకుపోతుంది.

రంగుల సంగతి చెప్పకపోతే రాగికి అన్యాయం చేసినట్లే. శుభ్రపరచిన రేక మీద మంటను మెల్లగా నడిపిస్తే నారింజ, ఊదా, నీలం ఛాయలు అలల్లా పరుచుకుంటాయి. ఇవి పూసిన రంగులు కావు. అతి పలుచని ఆక్సైడు పొర పైనుంచీ అడుగునుంచీ పరావర్తనం చెందిన కాంతికిరణాల కలయిక వల్ల పుట్టినవి. నీటి మీద తేలే నూనెపొరలో ఇంద్రధనుస్సు కనిపించినట్లే ఇది. ఒక్క క్షణం ఎక్కువ కాల్చితే రంగులన్నీ నలుపులో కలిసిపోతాయి. వీటిని నిలుపుకోవాలంటే పైన పారదర్శకమైన వార్నీషు పూయాలి. ఎండకు అది కూడా పొరలుగా లేచిపోతుంది కాబట్టి అప్పుడప్పుడు మళ్లీ పూయక తప్పదు.

ఏమీ పూయకుండా వదిలితే రాగి తన దారిన తాను పోతుంది. తళతళలాడే కుంకుమవన్నె కొన్ని నెలల్లో గోధుమరంగుకు, ఆపైన నల్లని ఛాయకు తిరుగుతుంది. ఆ తరువాత ఎన్నో ఏళ్లకు ఆకుపచ్చని చిలుము ఏర్పడుతుంది. స్వేచ్ఛాప్రతిమ పూర్తిగా పచ్చబడడానికి మూడు దశాబ్దాలు పట్టింది. సముద్రపుగాలి తగిలేచోట ఇది త్వరగా వస్తుంది, పొడినేలల్లో ఆలస్యమవుతుంది. వంటపాత్రలో చిలుము విషమని మనవారు కళాయి పూయించేవారు. తోటలో అదే చిలుము లోహానికి కవచం. అయితే ఆ పచ్చదనం వాననీటితో కారి తెల్లగోడ మీద చారలు పడేస్తుంది. చక్రాన్ని గోడకు దూరంగా, చెట్టుకొమ్మలు తగలనిచోట నిలపాలి. కంభం అడుగుభాగాన్ని మోకాలి లోతు గుంటలో దింపి కాంక్రీటు పోయాలి. మూతలేని బేరింగు అమర్చి ఉంటే, ఏటా తొలకరికి ముందు ఇరుసు దగ్గర రెండు చుక్కల నూనె వేసి, చక్రాన్ని చేతితో ఒకసారి తిప్పి చప్పుడు వినాలి.